నూరో మోకు

అనగనగా, ఇళ్లకన్నా ఓడలే ఎక్కువగా కనిపించే ఒక రేవు పట్టణం. అక్కడ సోమాలమ్మ అనే పెద్దావిడ ఓడలను కట్టే మోకులు పేనేది. ఆమె పేనిన మోకు తెగిందన్న మాట ఎవరూ ఎన్నడూ వినలేదు.

ఆమె దగ్గర పదిమంది శిష్యులు పని నేర్చుకునేవారు. చేరిన రోజే వారికి ఈ పాఠం చెప్పేది.

"పేనడం సగం పని, పరీక్షించడం సగం పని. కంటితో చూడండి, పురి విడిందేమో తెలుస్తుంది. అరచేతిలోంచి లాగండి, ఎక్కడ సన్నబడిందో తెలుస్తుంది. బండ కట్టి వేలాడదీయండి, లోపలి సంగతి తెలుస్తుంది. మూడూ దాటినదానికే మన లక్కముద్ర."

శిష్యులందరిలో పైడమ్మకు ఓపిక ఎక్కువ. అందుకే సోమాలమ్మ ఆ ముద్ర వేసే పని ఆమెకు అప్పగించింది.

ఒక ఏడు తుఫాను ముందుగానే ముంచుకొచ్చేలా ఉంది. రేవులోని ఓడలకు వారంలోగా నూరు మోకులు కావాలని రాజుగారు కబురంపారు. అందరూ కూర్చుని పేనారు. నూరోది సోమాలమ్మే పేనింది.

గడువు నాటికి రాజుగారు ఓడల అధికారిని వెంటబెట్టుకుని వచ్చారు. అప్పటికే పైడమ్మ నాలుగు మోకులను వెనక్కిచ్చి మళ్లీ పేనించింది. తొంభైతొమ్మిదింటికి ముద్ర పడింది. ఇక గురువు పేనిన మోకు అందుకుంది. కంటికి ముచ్చటగా ఉంది. అరచేతిలో నున్నగా జారింది. దాన్ని పట్టుకుని ఆమె బండ వైపు నడిచింది.

తోటి శిష్యుడు ఎర్రన్న అడ్డొచ్చాడు. "అది అవ్వ పేనింది. దానికి కూడా పరీక్షా?"

అధికారి తొందరపెట్టాడు. "మబ్బు కమ్ముకొస్తోంది. ముద్ర వేసెయ్యమ్మా."

మూడో మాట ఆమె మనసే అంది: 'రాజుగారి ఎదుట ఇది తెగితే అవ్వ పరువేం కావాలి?'

పైడమ్మ గురువు వైపు చూసింది.

"దీన్ని నమ్ముకుని ఓడలో ముప్పైమంది ఉంటారయ్యా," అంది పైడమ్మ మెల్లగా. "ఎవరు పేనారన్నది గాలికి తెలియదు."

బండ కట్టి వేలాడదీసింది. మోకు కిర్రుమని రెండుగా తెగింది. లోపలి పేటలో పీచు కుళ్లి నల్లబడి ఉంది.

పైడమ్మ తల వంచుకుంది.

"పీచు మంచిదో కాదో చూసుకోకుండా పేనాను. తప్పు నాది," అంది సోమాలమ్మ. అక్కడే కూర్చుని పొద్దు వాలేలోగా మరో మోకు పేనింది. పైడమ్మ దానికీ మూడు పరీక్షలూ పెట్టింది. అది నిలిచింది. ముద్ర వేసింది.

మర్నాడు తుఫాను విరుచుకుపడింది. మూడు రోజులు సముద్రం ఊగిపోయింది. రేవులో ఒక్క మోకూ తెగలేదు, ఒక్క ఓడా కొట్టుకుపోలేదు.

రాజుగారు పట్టుశాలువాతో వచ్చి సోమాలమ్మకు కప్పబోయారు. ఆవిడ పైడమ్మను ముందుకు తెచ్చి నిలబెట్టింది.

"పేనినవాళ్లం చాలామందిమి ప్రభూ. నా మోకును కాదనగలిగింది ఈ పిల్ల ఒక్కతే. నలభై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. అది అందిందని మొన్ననే తెలిసింది."

రాజుగారు శాలువాను పైడమ్మ భుజాల మీద కప్పారు. సోమాలమ్మ కళ్లలో మెరిసిన గర్వాన్ని ఆ రేవంతా చూసింది.

చేసినవారు ఎంత గొప్పవారైనా సరే, చేసిన వస్తువును పరీక్షించాకే నమ్మాలి.