పటికనీళ్ల దారులు

సింగనకోన అని ఒక చిన్న రాజ్యం ఉండేదట. ఎంత చిన్నదంటే, పొద్దున ఈ పొలిమేరలో బయలుదేరిన ఎద్దుబండి మధ్యాహ్నం భోజనం వేళకు ఆ పొలిమేర చేరేది. దాన్ని ఏలిన ఉద్దండరాజు బిరుదులు మాత్రం పెద్దవి. వందిమాగధులు వాటిని పూర్తిగా చదివేసరికి కొలువులో సగంమంది ఒక కునుకు తీసి లేచేవారు.

ఉద్దండరాజు చెడ్డవాడు కాడు. ఎవరినీ కొట్టించలేదు, ఎవరి ఇల్లూ కూల్చలేదు. ఒక్క యుద్ధమూ చెయ్యలేదు. అయినా తనకొక విజయస్తంభం లేదన్న దిగులు ఆయనను పట్టుకుంది.

ఆ దిగులు సంగతి పట్టణసభకు తెలిసింది. పట్టణసభ అంటే ఐదుగురు పెద్దమనుషులు. బావి ఎక్కడ తవ్వాలి, మురుగుకాలువ ఎటు పోవాలి, ఏ నేల దేనికి వాడాలి అన్నది ఆ ఐదుగురే నిర్ణయించేవారు. వాళ్లలో ఏ ఒక్కరూ ఏనాడూ బావి నుంచి కడవ మోసినవారు కారు. అందుచేత ఆ పట్టణంలో బావులన్నీ చూడడానికి అందంగానూ, నీళ్లు తెచ్చుకోవడానికి దూరంగానూ ఉండేవి.

సభకు పెద్ద గుండన ప్రెగ్గడ. ఆయన ఒకనాడు రాజుగారి దగ్గరకు వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఊరికి తూర్పున తంగేడు పొదల బయలు వృథాగా పడి ఉంది. అక్కడ తమ విజయస్తంభం నిలబెట్టి, చుట్టూ నెమళ్ల తోట వేయించి, ప్రహరీ కట్టిద్దాం."

"ఆ నేల ఎవరిదీ కాదా?" అన్నాడు రాజు.

"ఎవరూ వాడడం లేదు ప్రభూ. మా సభలో ఐదుగురమూ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా అటు వెళ్లలేదు."

నిజమే. ఆ ఐదుగురే కాదు, ఊళ్లో ఏ మగవాడూ అటు వెళ్లి ఎరగడు. అది ఆడవాళ్ల చోటు. తెలతెలవారకముందే చెంబు పట్టుకుని నాలుగు వందల ఇళ్ల ఆడవాళ్లు వెళ్లేది ఆ పొదల చాటుకే. మగవాళ్లకు వాగు గట్టుంది, మామిడితోపుంది, మరీ తొందరైతే ఏ గోడ పక్కనైనా సరిపోతుంది. ఆడవాళ్లకు ఊరు మొత్తంలో మరుగంటూ ఉన్నది ఆ బయలొక్కటే. బాలింతల స్నానానికి వావిలాకు కోసుకునేది అక్కడే. అత్త వినకుండా కోడలూ, కోడలు వినకుండా అత్తా మనసులో మాట చెప్పుకునేదీ అక్కడే.

ప్రహరీ కట్టబోతున్నారని దండోరా వేశారు. మర్నాడు నలుగురు ఆడవాళ్లు పట్టణసభకు వెళ్లారు. అందరికంటే ముందు నిలబడింది ఓబులమ్మ.

ఓబులమ్మది అద్దకం పని. బట్ట మీద కలంతో బొమ్మలు గీసి రంగులు అద్దడంలో ఆ రాజ్యంలో ఆమెను మించినవాళ్లు లేరు. కోటలో వేలాడే తెరలన్నీ ఆమె చేతివే. ఆమె కుడిచేతి వేళ్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి.

"అయ్యా, ఆ బయలుకు ప్రహరీ కడితే మేం ఎక్కడికి పోవాలి?" అని అడిగింది.

"అసలు ఎందుకు పోవాలి?" అన్నాడు ప్రెగ్గడ.

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సభలో అశుచి మాట పలకరాదని నియమం. ఎవరైనా పలికితే సభనంతా పసుపునీళ్లతో కడగాలి. కడగవలసింది కూడా ఆడవాళ్లే.

"మీ ఇంట్లో అమ్మగారిని అడగండయ్యా, చెబుతారు," అంది ఓబులమ్మ.

"మా ఇంటి సంగతి ఎందుకు? ఆ నేలలో పంట పండుతుందా?"

"లేదు."

"పశువులు మేస్తాయా?"

"లేదు."

"పోనీ, సంత జరుగుతుందా?"

"సంత జరిగితే మేం వెళ్లం గదయ్యా!"

ప్రెగ్గడ మిగిలిన నలుగురి వైపు తిరిగి నవ్వాడు. "విన్నారా? పంట లేదు, పశువు లేదు, సంత లేదు. దాన్ని వాడకంలో ఉన్న నేల అని ఎలా రాయడం? వెళ్లండమ్మా, వెళ్లండి. ఇళ్లల్లో వంటలు ఆలస్యమవుతాయి."

ఈ గొడవ రాజుగారి చెవిన పడింది. ఆయనకు స్తంభమూ కావాలి, ధర్మప్రభువన్న పేరూ కావాలి. అందుచేత ఒక శాసనం చేశాడు.

"పన్నెండు మూరల బట్ట మీద పట్టణమంతటికీ పటం గీయించండి. పటంలో వాడకం కనబడిన నేల ఊరిది. ఏమీ లేకుండా కనబడిన నేల రాజుది. దాని మీద నా ముద్ర పడ్డాక ఎవరూ మార్చడానికి వీల్లేదు. చివరికి నేను కూడా!"

కొలువంతా జేజేలు కొట్టింది. పటం గీయగలిగింది ఓబులమ్మ ఒక్కతే కనుక ఆమెకే కబురు వెళ్లింది. ఏ చోట ఏది గీయాలో పట్టణసభవారు చెబుతారు, ఆమె గీయాలి.

ఓబులమ్మ ఒప్పుకుందని తెలిసి నీళ్లు మోసే కదిరమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. కావడి అరుగు మీద దించి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏం వదినా, మన చోటు పోగొట్టే పటం నీ చేత్తోనే గీస్తావా? ఎంతిస్తామన్నారేం?"

"ఇంకెవరి చేత్తోనో గీయించేకంటే నా చేత్తో అయితేనే నయం కదమ్మా," అంది ఓబులమ్మ. "ఆ కోపం కాసేపు పక్కన పెట్టి చెప్పు. పొద్దున్నే మీ పెరటి గుమ్మం దాటి ఎటు తిరుగుతావు?"

"చుట్టాలింటికి వెళుతున్నానా, దారి చెప్పడానికి? గానుగ వెనక సందులోంచి."

"ఆ తర్వాత?"

"చింతల కట్ట మీదుగా. నీకెందుకిదంతా?"

"నీ ఒక్కదాని దారే కాదు, అందరిదీ కావాలి. రోజుకో వీధివాళ్లను నా దగ్గరికి పంపు," అంది ఓబులమ్మ.

పని మొదలైంది. బట్టను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరేశారు. ఇనుపముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన కసిం అనే నల్లని నీటితో ఓబులమ్మ గీత గీసింది. సభవారు చుట్టూ దిండ్లకు ఆనుకుని కూర్చుని చెప్పసాగారు. ఇది కోట, ఇది సంతబజారు, ఇవి గుర్రపుసాలలు, ఇది మా ఇల్లు, కొంచెం పెద్దదిగా వెయ్యి. వాళ్లు చెప్పినవన్నీ ఆమె వేసింది. తూర్పు బయలు దగ్గర కలం ఎత్తింది.

"ఇక్కడ?"

"ఏమీ లేదని చెప్పాం గదా. వదిలెయ్," అన్నాడు ప్రెగ్గడ.

వదిలేసింది. నల్లగీతల పని అయ్యాక ఇంకో ముంత తీసి, కొత్త కలం ముంచి మళ్లీ గీయసాగింది. కలం కదులుతోంది కాని బట్ట మీద ఏమీ కనబడడం లేదు.

ప్రెగ్గడ వంగి చూశాడు. "ఇదేమిటి, నీళ్లు పూస్తున్నావు?"

"పటికనీళ్లయ్యా. బట్టలో ఎక్కడ ఎరుపు రావాలో అక్కడ ముందు ఇది పెట్టాలి. అంచున ఎర్రపూలు కావాలన్నారుగా."

"అంచు సరే. ఆ తూర్పు ఖాళీలో కూడా పెడుతున్నావేం?"

"మరీ బోసిగా ఉంటే బాగుండదు. అక్కడా కొంచెం ఎరుపుండాలి."

"అవునవును, రాజుగారి నేల గదా," అని ప్రెగ్గడ మళ్లీ దిండుకు ఆనుకున్నాడు. కాసేపటికి గురక వినిపించింది. ఓబులమ్మ సాయంత్రం దాకా తల ఎత్తలేదు.

ఇంతలో ఆస్థాన జ్యోతిష్కుడు ముద్ర వెయ్యడానికి గురువారం దివ్యమైన ముహూర్తమన్నాడు. పటాన్ని కొలువులో పరిచారు.

ఓబులమ్మ దండం పెట్టింది. "మహారాజా, ఇది ఇంకా ఉడకలేదు. మా పనిలో ఉడకని బట్టను పూర్తయిందనం. రెండు రోజులు ఆగితే బాగుంటుంది."

"నీ కోసం ముహూర్తం ఆగుతుందా?" అని ప్రెగ్గడ కసిరాడు. "ఉడికితే కొత్తగా ఏమొస్తుంది?"

"రంగు వస్తుందయ్యా."

"రంగుదేముంది! గీతలన్నీ పడ్డాయి. ప్రభూ, కానివ్వండి."

రాజుగారు సింహం అచ్చును కసింలో ముంచి బట్ట మీద నొక్కాడు. నల్లని ముద్ర చక్కగా పడింది. తూర్పున ఖాళీగా ఉన్న జాగా మీద ఒకసారి ప్రేమగా చెయ్యి వేసి నిమిరాడు.

ఓబులమ్మ ఆ తరవాత గీతలేమైనా కలుపుతుందేమోనని ప్రెగ్గడకు అనుమానం. నలుగురు భటులను కాపలా పెట్టాడు. ఆమె బట్టను వాగులో జాడిస్తుంటే వాళ్లు గట్టున నిలబడ్డారు. రాగి కాగులో ఎరుపునిచ్చే చిరివేరు వేసి ఉడికిస్తుంటే పొగకు కళ్లు నలుపుకుంటూ కాగు చుట్టూ నిలబడ్డారు. ఆరిన బట్టను వాళ్లే మడత పెట్టి కొలువుకు మోసుకొచ్చారు.

రాజుగారి ఎదుట మడత విప్పారు. కొలువంతా మెడలు చాచి చూసింది.

అంచు నిండా ఎర్రపూలు విచ్చుకున్నాయి. ఎవరూ వాటిని చూడలేదు. ప్రతి ఇంటి పెరటి గుమ్మం నుంచీ ఎర్రగీతలు బయలుదేరాయి. సందుల్లోంచీ, గానుగ వెనకనుంచీ, చింతల కట్ట మీదుగానూ నడిచాయి. వందల గీతలు వెళ్లి వెళ్లి తూర్పు బయలులో కలిశాయి. ఖాళీగా ఉండిన చోట ఇప్పుడు గోరు మోపేంత తెలుపు లేదు.

"ఏమిటివి?" అన్నాడు రాజు.

"దారులు, మహారాజా. మీ పట్టణంలో ఆడవాళ్లు రోజూ నడిచే దారులు."

"ఎందుకు నడుస్తారు?"

"ఆ పని పేరు సభలో పలకరాదని నియమం. అందుకే పలక్కుండా గీశాను."

ప్రెగ్గడ లేచి నిలబడ్డాడు. "మోసం ప్రభూ! ఇవి ముద్ర పడ్డాక వేసిన గీతలు!"

"ముద్ర పడ్డాక బట్ట మీ భటుల చేతుల్లోనే ఉందయ్యా," అంది ఓబులమ్మ. "వీటిని నేను వేస్తున్నప్పుడు మీరు పక్కనే ఉన్నారు. నీళ్లు పూస్తున్నావేమని అడిగింది కూడా మీరే. ఎరుపు వస్తుందని దాచకుండా చెప్పాను. అవునవును అన్నారు."

భటులు తలలు ఊపారు. వాళ్ల కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

రాజుగారు సింహాసనం దిగి వచ్చి బట్ట మీదికి వంగాడు. ఒక పెద్ద ఇంటి దగ్గర వేలు పెట్టాడు. "ఇది మీ ఇల్లు గదూ ప్రెగ్గడా? ఇక్కణ్ణుంచి ఏడు గీతలున్నాయి."

"మా ఇంట్లో ఆడవాళ్లు ఏడుగురు ప్రభూ," అనేశాడు ప్రెగ్గడ. అన్నాక నాలుక కరుచుకున్నాడు. కొలువు గొల్లున నవ్వింది.

రాజుగారి వేలు ఇంకా కదులుతూ కోట దగ్గర ఆగింది. కోట వెనక గుమ్మం నుంచి ఒక సన్నని గీత వంకరలు తిరుగుతూ, అక్కడక్కడ ఆగి ఆగి పోయింది.

"ఇది ఎవరిది?"

"మిమ్మల్ని ఎత్తుకుని పెంచిన దాది ఎల్లసానమ్మది. డెబ్బై ఏళ్లు దాటాయి. మోకాళ్ల నొప్పి వల్ల మధ్యమధ్య కూర్చుంటుంది. అందుకే గీత అలా ఆగింది."

"కోటలో ఆమెకు చోటు లేదా?"

"కోటలో ఉన్నది రాణీవాసానికి, మహారాజా. పనివాళ్లకు లేదు."

ఉద్దండరాజు పటం మీది నుంచి వేలు తీశాడు. తన శాసనం తనకే అడ్డం తిరిగిందని అప్పటికి అర్థమైంది. మారుద్దామంటే, నేను కూడా మార్చనని నిండు కొలువులో అన్నది తనే.

"అయితే ఆ బయలు ఊరిదే," అన్నాడు చివరికి. గొంతు కొంచెం దిగింది. "మరి నా స్తంభం?"

"దానికేం లోటు మహారాజా, పటంలో ఇంకొక ఖాళీ ఉంది," అని ఓబులమ్మ పట్టణసభ భవనం ముందున్న జాగా చూపించింది. అక్కడ నల్లగీత లేదు, ఎర్రగీత లేదు.

"అది మేం పల్లకీలు ఆపుకునే చోటు!" అన్నాడు ప్రెగ్గడ.

"అందరి ఇళ్లూ చెప్పారు, అన్ని సాలలూ చెప్పారు, అది మాత్రం చెప్పలేదయ్యా. రోజూ కళ్లముందే ఉంటుంది కదా, చెప్పక్కర్లేదనుకున్నారేమో. మేమూ అలాగే అనుకున్నాం మా చోటు గురించి."

రాజుగారు ప్రెగ్గడ ముఖం చూశాడు, పటం చూశాడు. ఇక ఆపుకోలేక పకపకా నవ్వాడు. "స్తంభం అక్కడే! రేపటినుంచి సభవారు నడిచి రండి. ఊరు కాళ్లతో చూస్తే ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఓబులమ్మా, నీకేం కావాలో కోరుకో."

"నెమళ్ల తోటకని రాయి కొట్టించారు గదా మహారాజా. దానితోనే మా బయలు చుట్టూ మనిషెత్తు గోడ కట్టించండి. లోపల ఒక బావి తవ్వించండి."

"కట్టిస్తాను. పని ఎలా సాగుతోందో సభవారు వెళ్లి లోపల చూసి..." అంటూ రాజుగారు మధ్యలో ఆగిపోయాడు. కొలువులో మళ్లీ నవ్వు లేచింది. "అవును, వీళ్లు వెళ్లకూడదు. అయితే నువ్వే చూడాలి. ఈనాటి నుంచి పట్టణసభలో నువ్వూ ఉంటావు."

ప్రెగ్గడ గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, సభలో ఉన్నవి ఐదు పీటలు. తాతముత్తాతల నాటినుంచీ ఐదే."

"నాకు పీట అక్కర్లేదు లెండి ప్రెగ్గడగారూ," అంది ఓబులమ్మ. "ఇన్నాళ్లూ మీరు కూర్చుని నిర్ణయించారు, మేం నిలబడి మోశాం. కొన్నాళ్లు నేను నిలబడి నిర్ణయిస్తాను. మీరు కూర్చునే మోద్దురుగాని."

ఉద్దండరాజు కిరీటం జారిపోయేంతగా నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి ఓబులమ్మ నల్లని చేతిలో పెట్టాడు. వడ్రంగిని అప్పటికప్పుడే పిలిపించి, ఆరో పీట చెయ్యమన్నాడు. మిగిలిన ఐదింటికంటే ఒక అంగుళం ఎత్తుగా చెయ్యమని మరీ మరీ చెప్పాడట.