నొప్పి తెలియని సూది

ఓబుళమ్మ అవ్వ దగ్గర పచ్చబొట్లు పొడవడం నేర్చుకుంటున్న సుంకులుకు ఒకటే గర్వం. తన సూది కింద ఇంతవరకూ ఎవరూ ఏడవలేదు. చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదని పత్తికొండ సంతంతా చెప్పుకునేది. అవ్వ సూదంటే మాత్రం మగవాళ్ళు కూడా పళ్ళు బిగబట్టేవాళ్ళు.

నొప్పి లేకుండా పొడవొచ్చు కదా, నువ్వెందుకట్ల గుచ్చుతావని ఒక సంతరోజు అవ్వను అడగనే అడిగింది. అవ్వ విననట్టే, పచ్చబొట్టు రంగుకని దీపపు మసిలో గుంటగలగరాకు రసం పోసి నూరుకుంటూ కూచుంది. అడిగినదానికి జవాబివ్వకపోవడం ఆ ముసలిదానికి పుట్టుకతో వచ్చిన గుణం, ఏం చేస్తాం!

ఆరోజే మద్దమ్మ వచ్చింది. చిన్నకూతురు కావేరి జ్వరమొచ్చి పోయిందట. చచ్చినా వెంట వచ్చేది పచ్చబొట్టొకటే అంటారు కదా, బిడ్డ పేరు చేతిమీద పొడవమంది.

అసలే కడుపు కాలిన తల్లి, ఇంకా బాధపెట్టడమెందుకని సుంకులు సూది ఆనీ ఆననట్టు పొడిచింది. మద్దమ్మ కంట్లో తడి లేదు, మొహంలో కదలిక లేదు. పసుపు రాసి పంపించి, చూశావా అన్నట్టు అవ్వవైపు చూసింది సుంకులు.

చేతిమీది పొక్కులు రాలాక మద్దమ్మ మళ్ళీ వచ్చింది. రంగు లోపలికి దిగక పొక్కులతోపాటు పేరూ పోయింది. "రి" ఒక్కటే మిగిలింది.

"నా బిడ్డ రెండోసారి పోయిందమ్మా," అంది. అప్పుడూ కళ్ళు పొడిగానే ఉన్నాయి.

సుంకులుకు తల తీసేసినట్టయింది.

అవ్వ మెల్లగా ఇంటి సంగతులడిగింది. పెద్దకూతురు పురుడు పోసుకుని ఇంట్లోనే ఉందట. పసిబిడ్డ ఉన్న ఇంట్లో కన్నీళ్ళు పడకూడదని, కావేరిని మట్టి చేసి వచ్చిన రోజే అత్త గట్టిగా చెప్పిందట. ఆనాటినుంచీ చుక్క కన్నీరు రాల్చలేదట మద్దమ్మ.

అవ్వ ఆమెను పక్కన కూచోబెట్టుకుని సూది సుంకులు చేతికిచ్చింది. పొడిచేటప్పుడు నొప్పి మరిపించడానికి పాట పాడడం వాళ్ళ ఆచారం. ఆరోజు అవ్వ పాట ఎత్తుకోలేదు.

"మీ కావేరి ఎట్లుండేదో చెప్పు తల్లీ," అంది. అంటూనే సుంకులు చేతిమీద తన చెయ్యి వేసి నొక్కింది. సూది లోతుగా దిగింది.

మద్దమ్మ చెప్పసాగింది. బెల్లం దొంగిలించి పావడలో దాచుకునేదట. అడిగితే నాకు తెలీదనేదట, మూతికేమో చీమలు పట్టి ఉండేవట. అక్కడికొచ్చేసరికి ఇన్నాళ్ళు మింగిందంతా ఒక్కసారి బయటికొచ్చింది. సంతలో వాళ్ళు తిరిగి చూసేలా ఏడ్చింది ఆ తల్లి. సుంకులు చెయ్యి ఆగిపోయింది.

"ఏడవనియ్యి. సూది ఆపొద్దు," అంది అవ్వ.

పేరు పూర్తయింది. అవ్వ నెత్తురు తుడిచి, పసుపు అద్ది, తన కొంగుతో మద్దమ్మ మొహం తుడిచింది. ఎంత తుడిచినా కళ్ళ వాపు దాగేలా లేదు. ఈ మొహంతో ఇంటికెట్ల పోయేదని మద్దమ్మ భయపడింది.

"ఓబుళమ్మ సూది పాడుదని చెప్పు తల్లీ," అంది అవ్వ. "సంతలో అందరికీ తెలిసిందే."