నల్లగుంటపాడు పిలుపుల గోడ

1999 ఆగస్టు 17, మంగళవారం. ఉదయం నుంచి మబ్బు పట్టి ఉంది గాని చినుకు రాలలేదు. పడమటి గాలి దుమ్ము లేపింది, ఉక్క తగ్గలేదు. నల్లగుంటపాడు గోడ మీద మొదటి పేరు పడింది ఆ రోజునే.

బస్సు దిగిన యాత్రికులకు హైవే పక్కన పాత లారీల కాటా తాలూకు ఇటుక గోడ ఒకటి కనిపిస్తుంది. విగ్రహం కోసం వెతకవద్దు, లేదు. పసుపు అక్షరాలలో నూట పద్నాలుగు పేర్లు, వాటి చుట్టూ లారీ తలుపుల మీద వేసే తామరలు, చిలకలు, అంతే. పసుపు రంగు శుభానికి గుర్తని కొబ్బరికాయల అంగళ్లవాళ్లు చెబుతారు. నమ్మవద్దు. ఆనాడు పెయింటరు దగ్గర మిగిలి ఉన్నది ఆ డబ్బా ఒక్కటే.

పూర్వం ఇక్కడ, పూర్వమంటే త్రేతాయుగం కాదు, మన కళ్ల ముందటి మాటే, ఇంటికొక డ్రైవరో క్లీనరో ఉండేవాడు. ఎయిడ్స్ వచ్చిన నాలుగేళ్లలో ఇరవై మంది పోయారు. ఎవరు పోయినా డప్పు కొట్టి, వీధి వీధినా పేరు పిలిచి, ఆ తర్వాతే పాడె ఎత్తడం ఊరి ఆచారం. పేరు పిలవని మనిషి ఊరు దాటలేడని నమ్మకం. అయితే ఆ జబ్బుతో పోయినవారికి కొడితే డప్పు చర్మానికి జబ్బు అంటుతుందని, తర్వాత అది ఏ వాకిట మోగితే ఆ ఇంట్లో దిగుతుందని పెద్దలు తీర్మానించారు. కాలేజీ చదువులు చదివినవాళ్లం కూడా కాదనలేదు. ఆ ఇరవై మందినీ ముళ్లదారిన చప్పుడు లేకుండా తీసుకుపోయారు.

ఇరవై ఒకటోవాడు డ్రైవరు మాలకొండయ్య. అతని పాడెను గ్రామపెద్ద నాగభూషణం మనుషులు కాటా దగ్గర ఆపి, ముళ్లదారిన పొమ్మన్నారు. భార్య చెంచమ్మ పాడెను గోడ వారగా దింపించి, పేరు పిలిచేదాకా కదలనని కూర్చుంది. ఈ ఉక్కలో శవం నిలవదని ఒకరు, రాళ్లు పడతాయని ఒకరు బెదిరించారు.

చెంచమ్మ నాగభూషణాన్ని చూసి అంది: "మా ఆయన కాపురం చేసింది నాతో గదా పెద్దయ్యా, డప్పుతో కాదు గదా. నేనే ఇంకా నిలబడి ఉన్నా."

స్థలపురాణాలలో ఇలాంటి చోట దేవత కలలో కనపడి దారి చెబుతుంది. ఇక్కడ ఎవరికీ కల రాలేదు. పక్క షెడ్డులోంచి లారీలకు రంగులు వేసే మస్తాన్ వలీ వచ్చి, ఎవరినీ అడగకుండా, లారీ ముందు రాసినట్టే గోడ మీద మాలకొండయ్య పేరు రాశాడు. అది చూసి ఒక విధవరాలు వచ్చి తన భర్త పేరు చెప్పింది. తర్వాత ఇంకొకామె. మూడు గంటలకల్లా ఇరవై ఒక్క పేర్లు అయ్యాయి. వాటి మీద పూయించడానికి నాగభూషణం సున్నం బకెట్టు తెప్పించాడు.

అప్పుడు ఊరి డప్పు కొట్టే దేవసహాయం నాలుగు తాటాకులు అంటించి డప్పు కాచడం మొదలుపెట్టాడు. చెమ్మగాలికి వదులైన చర్మం సెగ తగిలితేనే బిగిసి పలుకుతుంది. కాస్తున్నాడంటే కొడతాడనే అర్థం. ఊరు ఇచ్చిన ఎకరం మాన్యమే అతనికి ఆధారం.

"ఒరే దేవసహాయం, దెబ్బ పడితే ఎకరం పోయినట్టే. తెలిసే కాస్తున్నావా?" అన్నాడు నాగభూషణం.

"తెలిసే కాస్తన్నానయ్యా. నిరుడు మా అబ్బాయి ప్రభుదాసు కామెర్లతో పోయాడని చెప్పా. అబద్ధం. వాడిదీ ఈ జబ్బే. వాడికి ఈ డప్పే కొట్టా. తర్వాత నెలలో మీ పాప పెళ్లి ఊరేగింపు ముందు మోగిందీ ఇదే. పాప చల్లగా ఉంది గదయ్యా?"

బకెట్టు పట్టుకున్నవాడు దాన్ని కింద పెట్టాడు. దేవసహాయం ఒక దెబ్బ వేసి మాలకొండయ్య పేరు పిలిచాడు. "ఉన్నాం" అంది చెంచమ్మ. ఇరవై ఒక్క పేర్లూ అలాగే పిలిచాక మస్తాన్ వైపు తిరిగి, ఇంకొకటి రాయమన్నాడు. ప్రభుదాసు పేరుకు కోడలు సువార్త పలికింది. తర్వాత పాడె పెద్దదారినే వెళ్లింది.

నేటికీ ఏటా ఆగస్టు పదిహేడున పేరుకొక దెబ్బ వేసి పిలుస్తారు. అయినవాళ్లు లేని పేరుకు ఎదుట నిలబడిన యాత్రికుడెవరైనా "ఉన్నాం" అనాలి. జబ్బు ఉందని కొత్తగా తెలిసినవారు మొదటి నెల మందుల డబ్బా గోడ మొదట్లో పెట్టి, తమ పేరు తామే పైకి చెప్పి, తొలి మాత్ర వేసుకుంటారు. ఈ గోడ జబ్బు పోగొడుతుందని మేము చెప్పము, మందులు మానవద్దు. దాచుకునే భయం పోతుందని మాత్రం ఇక్కడికి వచ్చి వెళ్లినవారెందరో చెప్పారు.

పెద్దలు అన్నంత పనీ చేశారు. దేవసహాయం ఎకరం పొరుగూరి డప్పువాడికి వెళ్లింది. డప్పు సువార్తకు వచ్చింది, ఇప్పుడు కొట్టేది ఆమే. మస్తాన్ కుంచెలు అతని కూతురు షాహినాకు దక్కాయి. నాగభూషణం పెద్దరికం కొడుకుకి వచ్చింది. మాలకొండయ్యకు లారీలో ఉన్న సగం వాటా, పెంకుటిల్లు అన్నదమ్ములు పంచుకున్నారు. చెంచమ్మకు ఏమీ రాలేదు.