ఆరడం తెలియని దీపం

తనకు తోడు అక్కర్లేదని మస్తాన్ వలీకి అనిపించింది. ఆ మాట ఉస్తాద్‌తో ఎలా చెప్పాలా అని మూడు రోజులు సతమతమయ్యాడు.

కడపలో ఒక పాత దర్గా వెనకున్న గదిలో ఉస్తాద్ ఖాదర్ సాహెబ్ రేడియోలు బాగుచేసేవారు. అడిగినవాళ్ళకు ఆ విద్య నేర్పేవారు. అప్పుడాయన దగ్గర ఇద్దరే శిష్యులు. మస్తాన్‌ది చురుకైన చెయ్యి. చంద్రాయుడు నెమ్మది. ఒక్కో అతుకు దగ్గర ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు.

ఇద్దర్నీ కలిసి ఒక ఫ్లిప్‌ఫ్లాప్ సర్క్యూట్ కట్టమన్నారు ఉస్తాద్. ఎదురెదురుగా రెండు ట్రాన్సిస్టర్లు, మూడేసి కాళ్ళున్న గింజంత ముక్కలు. ఒకటి మేలుకుంటే రెండోది నిద్రపోవాలి. ఒక మీట తాకితే చిన్న ఎర్రదీపం వెలగాలి, వేలు తీసినా వెలుగుతూనే ఉండాలి. రెండో మీట తాకితే ఆరాలి, వేలు తీసినా మళ్ళీ వెలగకూడదు. చివరగా ఏ మీట తాకామో దానికి గుర్తుండాలి. దీపమున్న సగం మస్తాన్ కట్టాడు. దీపం లేని సగం చంద్రాయుడు కట్టాడు. అది చక్కగా పనిచేసింది.

ఆ మధ్యాహ్నం సన్నగా వాన. ఊదు పొగ ఎటూ పోలేక గదిలోనే తేలుతోంది. బల్ల మీద ఎర్రదీపం వెలుగుతోంది.

"ఉస్తాద్, చంద్రాయుణ్ణి ఊరికి పొమ్మన్నాను."

"ఏమన్నాడు?"

"సంచీ సర్దుకున్నాడు. లేచి బస్టాండుకు పోయినాడు." మస్తాన్ ఎర్రదీపం వైపు చూపిస్తూ అన్నాడు, "వెలిగేది నా సగమే కదా ఉస్తాద్. అతనిది ఊరికే చీకట్లో కూర్చుంటాది."

ఉస్తాద్ కోప్పడలేదు. సాల్డరింగ్ ఐరన్ వేడెక్కేదాకా వానను చూస్తూ కూర్చున్నారు. తర్వాత చంద్రాయుడి ట్రాన్సిస్టర్ కాళ్ళ దగ్గర అతుకులు ఒక్కొక్కటే కరిగించి, పట్టకారుతో దాన్ని పైకి లాగారు. అంత తేలిగ్గా రాలేదది.

దీపం వెలుగుతూనే ఉంది.

"చూడండి ఉస్తాద్!" అన్నాడు మస్తాన్.

"ఆర్పు."

మీట నొక్కాడు. ఆరింది. వేలు తీశాడు. వెలిగింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వెలిగింది.

ఎంతసేపు అలా నొక్కుతూ కూర్చున్నాడో అతనికే తెలియదు. వాన చప్పుడు ఎక్కడో దూరానికి జరిగిపోయింది. పొగలో ఆ ఎర్రచుక్క, రెప్ప వాల్చలేని కన్నులా, అతన్నే చూస్తోంది. చూడగా చూడగా తన కళ్ళే మండుతున్నట్టు అనిపించింది.

"దీనికి నిద్ర పట్టడం లేదు ఉస్తాద్," అన్నాడు చివరికి.

"వెలగడం ఒక్కటే వచ్చినదానికి ఏదీ గుర్తుండదు బేటా."

ఆ చిన్న ట్రాన్సిస్టర్‌ను ఆయన మస్తాన్ అరచేతిలో పెట్టారు. అది ఇంకా వెచ్చగా ఉంది.

మస్తాన్ బస్టాండుకు పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి చంద్రాయుడు బస్సు మెట్టు మీద కాలు పెడుతున్నాడు.

"మన దీపం ఆరడం లేదు చంద్రాయుడూ."

చంద్రాయుడు కంగారుగా కిందికి దిగాడు. "నా అతుకు గాని ఊడిందా అన్నా?"

మస్తాన్ వానలో తడుస్తూనే, అతని భుజం మీది సంచీ తీసి తన భుజానికి వేసుకున్నాడు.