గుప్పిట మూసేదాకా

మూడో ఆల్బమ్ బయటికి వచ్చిన దగ్గర్నుంచీ ఇందుమతికి అన్నం సయించడం లేదు.

ఆమె ఫిడేలు వాయిస్తుంది. సినిమాలకి కాదు, సభల్లో కచేరీలకీ కాదు. హైదరాబాదులో ఒక అద్దె గదిలో కూర్చుని, కాస్త పియానో, కాస్త చెల్లో తోడు పెట్టుకుని, తనే పాటలు కట్టి, తనే పాడి, తనే విడుదల చేస్తుంది. ఇలాంటి సంగీతాన్ని వినేవాళ్ళు కొద్దిమంది. తీర్పు చెప్పేవాళ్ళు మాత్రం బోలెడుమంది.

మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు ఒక పేరున్న విమర్శకుడు, ఫిడేలు పరవాలేదు గాని మధ్యలో ఆ పీల గొంతు ఎందుకని రాశాడు. ఇందుమతి రెండో ఆల్బమ్‌లో గొంతు తీసేసింది. అదే పెద్దమనిషి ఈసారి, గొంతు లేక అంతా బోసిగా ఉందన్నాడు. ఇంకొకావిడ, అన్నీ ఏడుపు పాటలే, కాలు కదిపించేది ఒక్కటీ లేదంది. సరేనని మూడోదాంట్లో గొంతూ పెట్టింది, డ్రమ్సూ పెట్టింది. దాంతో అందరూ ఒక్క మాట మీదికొచ్చారు. ఈమె దారి తప్పింది, మొదటి ఆల్బమ్ ఆణిముత్యం, ఆ రోజులే వేరు అన్నారు.

అది ఆణిముత్యమని తెలుసుకోవడానికి వాళ్ళకి ఆరేళ్ళు పట్టింది. ఆ సంగతి మాత్రం ఎవరూ రాయలేదు.

ఇందుమతికి ముందు ఒళ్ళు మండింది, తర్వాత భయం పట్టుకుంది. మూడో ఆల్బమ్‌ని అన్నిచోట్ల నుంచీ తీసేద్దామని కంప్యూటర్ ముందు కూర్చుని, చివరి నిమిషంలో ఆగిపోయింది. ఒక్క మనిషిని అడగాలి. ఆయన కూడా కాదంటే, ఆల్బమ్ తీసేయడమే కాదు, ఇక ఫిడేలు ముట్టకూడదని నిశ్చయించుకుని బాపట్ల రైలెక్కింది.

దానియేలు మాస్టారు మద్రాసు సినిమా స్టూడియోల్లో ఏళ్ళ తరబడి ఫిడేలు వాయించి, తలనెరిశాక బాపట్ల వచ్చి, ఆదివారం చర్చిలో వాయిస్తూ మిగతా రోజుల్లో పిల్లలకి నేర్పినవారు. ఇందుమతి చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆయన దగ్గర చేరింది. ఆయన పాఠానికి ఒక పద్ధతుండేది. పిల్లలు శ్రుతి చేసుకుంటున్నంతసేపూ నోరు విప్పేవారు కాదు. వేలు పైకెత్తితే తీగ బిగించాలి, కిందికి దించితే వదులు చెయ్యాలి. గుప్పిట మూస్తే సరిపోయినట్టు. ఆ గుప్పిట మూసుకునేదాకా పిల్లలు ఊపిరి బిగబట్టి ఆయన చేతినే చూసేవారు.

ఇప్పుడాయనకి చెవులు పోయాయి. మిషన్ పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి గాని, సంగీతం మాత్రం రేకు మీద మేకు పెట్టి గీసినట్టుంటుందని ఆయనే ఫోన్లో చెప్పారు. ఇందుమతికి అదంతా తెలుసు. తెలిసే వెళ్ళింది. గురువుగారికి ఎలాగోలా తెలియకపోతుందా అనుకుంది.

వరండాలో కూర్చోబెట్టి ఆయన తన చేత్తోనే కాఫీ కలిపి ఇచ్చారు. ఇందుమతి కాఫీ పక్కన పెట్టి సమీక్షలన్నీ వరసగా అప్పజెప్పింది. ఎవరు ఏమన్నారో, ఏ మాట తర్వాత ఏ మాట వాడారో ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"పాఠాలు ఇంత బాగా ఎప్పుడూ అప్పజెప్పలేదే నువ్వు," అన్నారు మాస్టారు.

ఆమె నవ్వలేదు. "మీరొక్క మాట చెప్పండి మాస్టారూ. ఉంచమంటారా, తీసేయమంటారా?"

"ఫిడేలు తియ్యి."

ఆమె పెట్టె తెరిచి ఫిడేలు తీసేలోపల ఆయన రెండు చెవుల మిషన్లూ ఊడదీసి, ఆమె ఎదురుగానే స్టూలు మీద పెట్టారు. ఇందుమతి చూసింది. చూసి, శ్రుతి చేసుకుంది. నాలుగు తీగలూ చక్కగా కుదిరాయి. అలవాటు కొద్దీ మాస్టారి చేతి వంక చూసింది.

వేలు పైకి లేచింది.

ఆమె ఒక్క క్షణం తటపటాయించి తీగ బిగించే బిరడా తిప్పింది. వేలు మళ్ళీ లేచింది. మళ్ళీ తిప్పింది. పక్క తీగకి వేలు కిందికి దిగింది, వదులు చేసింది. పళ్ళు జివ్వుమంటున్నాయి, అయినా తిప్పుతూనే ఉంది. చివరికి గుప్పిట మూసుకుంది. వాయించమని సైగ చేశారు.

మూడో ఆల్బమ్‌లో తనకి అన్నిటికన్నా ఇష్టమైన పాట ఎత్తుకుంది. పక్కింటావిడ కిటికీ తలుపులు వేసేసుకుంది. మాస్టారు కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ, ఆహా అన్నట్టు తలాడిస్తున్నారు. ఇందుమతి సగంలోనే కమాను దించేసింది.

ఆయన మిషన్లు మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎలా ఉందమ్మా?"

"శ్రుతి పోయింది మాస్టారూ."

"ఎప్పుడు?"

"మీరు మొదటిసారి వేలెత్తినప్పుడే."

"మరి తిప్పావేం?"

ఇందుమతి మిగిలిన ఒక్క ఆధారాన్ని పట్టుకున్నట్టు మెల్లగా అంది, "మొదటి ఆల్బమ్ బాగుందని మీరన్నారు కదా."

అనడమేమిటి. 'మా అమ్మాయి ఫిడేలుకి మాటలొచ్చాయి' అన్న ఆయన వాక్యాన్ని ఆమె ఆ ఆల్బమ్ అట్ట మీద వేయించుకుంది. ఎవరు ఎంత చెరిగిపోసినా ఆ వాక్యం తలుచుకునే తెల్లారి మళ్ళీ లేచేది.

మాస్టారు తువ్వాలు మడత విప్పి, మళ్ళీ మడిచారు.

"అప్పటికే వినపడ్డం మానేసిందమ్మా. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు. నువ్వు అంత ఆశగా అడిగితే కాదనలేక అనేశాను. అందులో ఒక్క పాట కూడా నేను వినలేదు."

ఆ క్షణంలో ఇందుమతికి ఆయన మీద అసహ్యమే వేసింది.

"వాళ్ళే నయం మాస్టారూ. విని తిట్టారు."

"నయమే," అన్నారాయన.

ముసలి మొహం చిన్నబోయింది. ఓదార్చాలని ఇందుమతికి అనిపించలేదు. ఫిడేలు పెట్టెలో పెట్టేసి వెళ్ళిపోదామని వంగింది. తప్పు శ్రుతిలో ఉన్నదాన్ని అలా పెట్టేయడానికి మాత్రం చేతులు రాలేదు. మళ్ళీ భుజానికి ఆనించుకుని, తల వంచి, ఒక్కో బిరడా తిప్పడం మొదలుపెట్టింది. మాస్టారి చెయ్యి ఒళ్ళోంచి కొంచెం లేచి, తిరిగి పడిపోయింది. ఆమె అటు చూడలేదు.

తీగలు కుదిరాక అదే పాట మొదట్నుంచి వాయించింది.

ఈసారి మాస్టారు మిషన్లు తీయలేదు. నొసలు ముడిపడి, పళ్ళు బిగబట్టి, ఆ చప్పుడంతా ఓర్చుకుంటూ పాట అయ్యేదాకా కదలకుండా కూర్చున్నారు. బాగుందో లేదో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు.