కోరయ్య ముక్కు, ఇప్పపూల పండుగ

అనగనగా ఒక అడవిలో, పండుగకు తారీఖు లేని ఊరొకటి ఉండేది.

తారీఖు లేకుండా పండుగేమిటని అడుగుతారు మీరు. చెబుతాను, కుదురుగా కూర్చోండి. ఆ ఊరి పక్కన పెద్ద ఇప్పతోపు ఉంది. ఏటా ఎండలు మొదలయ్యాక, ఏదో ఒక తెల్లవారుజామున ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. రసంతో ఉబ్బిన తెల్లటి పూలు. నోట్లో వేసుకుంటే తేనె తాగినట్టే. అవి రాలిన ఉదయమే ఊరందరికీ పండుగ. ఆ ఉదయం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, ఒక్క కోరయ్యకు తప్ప.

కోరయ్య అడవిపంది. ఒళ్లంతా బురద, రెండు వంకర కోరలు, వాటి మధ్య ముక్కు. ఆ ముక్కు సామాన్యమైంది కాదు. మూరెడు లోతులో ఉన్న దుంపను నేల పైనుంచే పసిగట్టేది. మొదటి ఇప్పపువ్వు రాలగానే ఆ వాసన కోరయ్యకు తగిలేది. వెంటనే గుట్టెక్కి, "పండుగోయ్, పండుగ! లేవండర్రా!" అని కేక పెట్టేవాడు. అంతే, ఊరు ఊరంతా పిల్లాజెల్లాతో తోపుకు పరుగు. ఊరింకా లేని రోజుల్లో అడవికంతటికీ వాళ్ల తాత ఆ కేక పెట్టాడు, వాళ్ల నాన్న పెట్టాడు. ఆ కేక తమ ఇంటిదని కోరయ్యకు చెప్పలేనంత గర్వం.

అతడికి ఇంకో గర్వం కూడా ఉంది. దారులు వేయడంలో ఆ అడవిలో అతణ్ణి మించినవాడు లేడు. కోరలు నేలకు ఆనించి పరుగెత్తాడంటే వెనక దారి పడిపోయేది.

అందుకే, చెల్లాచెదురుగా ఉన్న జంతువులన్నీ ఒకచోట చేరి ఊరు కట్టుకుందామనుకున్నప్పుడు, అందరిలోకీ పెద్దదైన ఏనుగవ్వ అతణ్ణే పిలిచింది.

"కోరయ్యా, ఊరు ఎలా ఉండాలో నువ్వే గీసి చూపించరా" అంది.

కోరయ్య ఇసుకలో కోరతో గీశాడు. ఇళ్లన్నీ తూర్పున. బజారు పడమటి చివర. బడి దక్షిణం గుట్ట మీద. నీళ్ల మడుగు ఎలాగూ ఉత్తరాన ఉంది. వీటన్నిటినీ కలుపుతూ పొడుగ్గా, తిన్నగా పెద్ద దారి.

కోరయ్య పెళ్లాం బురదమ్మ తొంగిచూసి ముక్కు విరిచింది. "ఏమయ్యా, అన్నీ ఇంత దూరం దూరంగా పెట్టావేం?"

"దూరం ఉంటేనే కదే దారి ఉండేది! దారి ఉంటేనే కదా ఊరికి అందం!" అన్నాడు కోరయ్య.

దారులు వేసేవాడి చేత ఊరు గీయిస్తే ఇదే తంతు. అందరూ ఆహా ఓహో అన్నారు. ఊరు వెలిసింది.

నాలుగు నాళ్లు తిరిగేసరికి అందరికీ కాళ్లు పీకడం మొదలైంది. సరిగ్గా అప్పుడే దూకుడయ్య అనే కోతి ఒక వింత బండి తెచ్చాడు. చెక్క చక్రాలు, మధ్యలో కుంపటి, కుంపటి మీద నీళ్లకుండ. కుంపట్లో కట్టెలు మండితే కుండలోంచి ఆవిరి తన్నుకొచ్చి చక్రాన్ని తిప్పేది. బండి బుసబుసమంటూ పరుగెత్తేది. వెనకాల నల్లటి పొగ తోకలా సాగేది.

"ఎక్కి కూర్చోండి! ఇక కాలు కింద పెట్టే పనే లేదు!" అన్నాడు దూకుడయ్య.

ఇంటికొక కుంపటిబండి వచ్చింది. జింకలు ఎక్కాయి, ఎలుగులు ఎక్కాయి. నత్త కూడా ఒకటి చేయించుకుని, అడ్డొచ్చిన వాళ్లనల్లా "జరగండి, జరగండి, అవతల నాకు పనుంది!" అని కసిరేది. దానికేం పనో ఎవరికీ అంతుబట్టలేదు.

త్వరలోనే దారి నిండా బండ్లు. ముందుకు కదలవు, వెనక్కి పోవు. ఊరంతా కోరయ్య ఇంటి ముందు చేరి, "దారి వెడల్పు చెయ్యి మామా!" అన్నారు. కోరయ్య ఉత్సాహంగా కోరలు ఆనించాడు. దారి రెండింతలైంది.

దారి ఖాళీగా కనబడేసరికి, అప్పటిదాకా నడిచే వాళ్లూ బండి కొనుక్కున్నారు. మళ్లీ కిటకిట. మళ్లీ, "వెడల్పు చెయ్యి మామా!" ఈసారి దారి పక్కనున్న కానుగచెట్లు కొట్టాల్సి వచ్చింది. నీడ పోయింది. నేల పెనంలా కాలింది. ఇక నడవాలన్నా కాలు పెట్టే వీల్లేక, మిగిలిన నలుగురూ బండెక్కేశారు.

మూడోసారి కిటకిటలాడినప్పుడు పక్కన ఇక చోటే లేదు. ఉన్నది ఇప్పతోపు ఒక్కటే.

ఏనుగవ్వ చాలాసేపు తల పట్టుకుని కూర్చుంది. "తోపు కొట్టక తప్పేలా లేదర్రా. కానీ ఈ ఏడు పండుగ అయ్యాకే గొడ్డలి పడాలి. చివరిసారిగా పిల్లలు కడుపునిండా తిననీ" అంది.

సరేనని అందరూ పండుగ కోసం ఎదురుచూశారు. రోజూ తెల్లవారుజామున కోరయ్య గుట్టెక్కి ముక్కు పైకెత్తేవాడు. ఏ వాసనా లేదు. ఊరి మీద పొగ దుప్పటి కప్పినట్టు పరుచుకుని ఉండేది. దిగి వచ్చేసరికి కింద అందరూ, "ఏం మామా, ఇవాళేనా?" అని అడిగేవారు. "ఇంకా లేదు" అనేవాడు కోరయ్య.

"జలుబేమో చూసుకోవయ్యా" అని బురదమ్మ శొంఠి నూరి ముక్కుకు పట్టించింది. కళ్లమ్మట నీళ్లు బొటబొటా కారాయి గానీ, వాసన మాత్రం తగల్లేదు.

కొన్నాళ్లకు, కొట్టాల్సిన చెట్లకు గుర్తులు పెట్టడానికని కోరయ్య, దూకుడయ్య తోపుకు వెళ్లారు. అడుగుపెట్టగానే కాళ్ల కింద ఏదో మెత్తగా తగిలింది. కోరయ్య వంగి చూశాడు. ఇప్పపూలు! ఎప్పుడో రాలి, నల్లబడి, కుళ్లిపోయిన ఇప్పపూలు. తోపంతా అవే.

వాటి మధ్య ఒక లావుపాటి చీమ కదల్లేక కదల్లేక నడుస్తోంది.

"వచ్చారా కోరయ్యగారూ? ఇంత ఆలస్యమా! ఎదురుచూసి చూసి మేమే కానిచ్చేశాం" అని చీమ త్రేన్చింది. "ఈ ఏడు ఎంత బాగా పూశాయనుకున్నారు! మా వాళ్లెవరికీ పుట్టలోకి దూరే ఒళ్లు లేదంటే నమ్మండి."

కోరయ్య ఒక కుళ్లిన పువ్వు మీద ముక్కు పెట్టాడు. గట్టిగా పీల్చాడు. పొగ వాసన తప్ప ఇంకేమీ రాలేదు. పువ్వు ముక్కుకు అంటుకుని ఉంది, అయినా వాసన రాలేదు. తాత కేక, నాన్న కేక, ఇక తనతో ఆఖరు. బావురుమని ఏడ్చేశాడు.

దూకుడయ్య అతడి వీపు నిమిరాడు. "ఊరుకో మామా. ఇందులో ఏడవడానికి ఏముంది? ఈ ఏడు చెట్లు పూయలేదని చెప్పెయ్. నీ మాట కాదనేవాడు ఎవడు? నీ పరువు నిలుస్తుంది. పూయని చెట్లు కాబట్టి కొట్టడానికీ ఎవరికీ మనసు పీకదు. దారి పడుతుంది, బండ్లు కదులుతాయి."

ఆ మాట కోరయ్య లోపల మెదులుతూనే ఉంది. నిజం చెబితే ఊరంతా నవ్వుతుంది. ముక్కు లేని కోరయ్యను ఎవరు లెక్కచేస్తారు? అబద్ధం చెబితే ఎవరికీ తెలియదు. చీమ మాట ఎవరు వింటారు గనక!

తల వంచుకుని ఇంటిదారి పట్టాడు. దారి మీద మామూలే, బండ్లన్నీ ఆగి బుసకొడుతున్నాయి. అటు పోలేక అక్కడే ఒక రాయి మీద కూలబడ్డాడు. పక్కనే కుందేలమ్మ బండి ఆగి ఉంది.

"ఎక్కడికమ్మా?" అని అడిగాడు, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"మడుగుకు మామా, ముంతెడు నీళ్లకు" అంది కుందేలమ్మ.

ఆ వెనక బండిలో ఎలుగుబంటి ఉన్నాడు. "పిల్లను బడిలో దింపాలి. పొద్దున బయల్దేరాం. మేం చేరేసరికి బడి వదిలేస్తారేమో" అన్నాడు.

ఆ వెనక ఏదుపంది ఉన్నాడు. "బజారుకు మామా. మా ఇంటిది ఉసిరికాయ పచ్చడి చేస్తానంటే, గుప్పెడు ఉసిరికాయలకు."

కోరయ్య అతడి కుంపటి వైపు చూశాడు. "గుప్పెడు కాయలకు ఇన్ని కట్టెలు కాలుస్తావా?"

"నన్నేం చేయమంటావు మామా? బజారును అంత దూరంలో పెట్టింది నువ్వే కదా!" అన్నాడు ఏదుపంది. అతడేమీ దెప్పలేదు, ఉన్న మాటే చెప్పాడు.

ఆ మాట కోరయ్యకు సూటిగా తగిలింది. రాయి మీద నుంచి లేచి, తిన్నగా ఏనుగవ్వ దగ్గరికి వెళ్లి ఊరిని పిలిపించమన్నాడు.

అందరూ చేరారు. దూకుడయ్య పక్క నుంచి, "పూయలేదను, పూయలేదను" అని గొణుగుతున్నాడు.

"పూలు పూశాయి" అన్నాడు కోరయ్య. "పూసి, రాలి, కుళ్లిపోయాయి. నాకు వాసన తెలియలేదు. నా ముక్కు పోయింది."

నవ్వుతారనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎలుగుబంటి సన్నగా గొంతు సవరించుకున్నాడు. "నిజం చెప్పాలంటే, నాకూ చాన్నాళ్లుగా తేనెపట్టు వాసన తెలియడం లేదు. వయసైపోయిందేమోనని ఎవరికీ చెప్పలేదు."

"నాకూ అంతే. మొన్న ఎక్కడ ఏ ఆకు ఉందో తెలియక ముళ్లకంపలో మూతి పెట్టాను" అంది కుందేలమ్మ.

గుంపులోంచి జింక ముందుకొచ్చింది. "నేను నా బిడ్డను వాసన పట్టి గుర్తుపట్టేదాన్ని. ఇప్పుడు పేరు పెట్టి పిలవాల్సి వస్తోంది."

అప్పుడర్థమైంది వాళ్లకు. ఎవరికి వాళ్లు తమ ఒక్కరికే అనుకుని దాచుకున్నారు గానీ, ఊరందరి ముక్కులూ పొగ తినేసింది.

"తప్పు నాది" అన్నాడు కోరయ్య. "రెండుసార్లు దారి వెడల్పు చేశాను. దూరం తగ్గించాలని ఒక్కసారీ తట్టలేదు. తోపు జోలికి పోవద్దు. నాకు ఇంకొక్క అవకాశం ఇవ్వవ్వా, ఊరు మళ్లీ గీస్తాను."

ఏనుగవ్వ తొండంతో ఇసుక చదును చేసి, "గీయరా" అంది.

ఈసారి కోరయ్య ముందుగా ఇళ్లు గీశాడు. ఇళ్ల మధ్యలోనే బజారు పెట్టాడు. ప్రతి వీధిలో చిన్న బడి పెట్టాడు, బుజ్జి ఎలుగు నిద్రకళ్లతో లేచినా చేరుకునేంత దగ్గర. మడుగు నుంచి ఇళ్ల దాకా నీళ్లు రావడానికి కాలువ గీశాడు. పెద్ద దారిలో సగం తీసేసి, అక్కడ మళ్లీ కానుగ మొక్కలు నాటాలన్నాడు, కింద నడిచేవాళ్ల కోసం.

బురదమ్మ తొంగిచూసింది. "ఇప్పుడు ఊరిలా ఉంది" అంది.

దూకుడయ్య మాత్రం మూతి ముడుచుకున్నాడు. "మరి నా బండ్లేం కావాలి?"

"కుంపట్లు తీసెయ్" అన్నాడు కోరయ్య. "బండ్లన్నీ ఒకదానికొకటి తగిలించు. అడవిదున్నలు లాగుతాయి. ఊరి చుట్టూ తిరుగుతూనే ఉండాలి. దూరం పోవాల్సిన వాళ్లు ఎక్కుతారు, దిగుతారు."

దున్నలు సరేనన్నాయి. దూకుడయ్య గోక్కుని గోక్కుని ఆలోచించాడు. మర్నాటికే ఆ బండ్ల వరసకు రంగులు వేసి, కొసన తోకలాంటి జెండా కట్టి, ముందు తనే ఎక్కి కూర్చుని ఊరేగాడు. జబ్బుపడ్డవాళ్ల కోసం ఒక్క కుంపటిబండి ఉంచారు. నత్త ఇప్పుడు బజారుకు నడిచే వస్తోంది. బయల్దేరడం కాస్త ముందుగా బయల్దేరుతోంది, అంతే.

వానలు వచ్చాయి. పొగను కడిగేశాయి. చలికాలం వచ్చింది, పోయింది. జింకకు బిడ్డ వాసన తెలిసింది. ఎలుగుబంటికి తేనె వాసన తెలిసింది, ఆ తర్వాత తేనెటీగలు ఎక్కడెక్కడ కుట్టాయో అడక్కండి. కోరయ్యకు మాత్రం ఏదీ తెలియలేదు. ఎంతైనా ఆ దారి మీద అందరికంటే ఎక్కువ పొగ పీల్చినవాడు అతడే.

ఎండలు మొదలయ్యాయి. కోరయ్య మళ్లీ రోజూ గుట్టెక్కాడు. బురదమ్మ కూడా వెంట వెళ్లేది.

ఒక తెల్లవారుజామున అతడు ముక్కు పైకెత్తాడు. గాలి చల్లగా ఉంది. ఊరు కింద స్పష్టంగా కనబడుతోంది. ఏమీ లేదనుకుని దిగబోతూ ఆగాడు. సన్నగా, తియ్యగా, ఎక్కడి నుంచో...

"ఏమేవ్!" అన్నాడు. "ఏమేవ్, వస్తోందే!"

"నాకు చెబుతావేం? ఊరికి చెప్పు!" అంది బురదమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"పండుగోయ్, పండుగ! లేవండర్రా!"

ఆ కేకకు ఊరు ఊరంతా లేచింది. ఎవరూ బండి కోసం చూడలేదు. పిల్లలు ముందు, పెద్దలు వెనక, కాలినడకన తోపుకు పరుగెత్తారు. అప్పటికే అక్కడికి చేరిన చీమ వాళ్లను చూసి నిట్టూర్చి, "ఈ ఏడు మాకు సగమే" అంది.

నీతి: ఊరు గీసేటప్పుడు బండ్లకు దారి ఎంత వెడల్పు కావాలో కాదు, పిల్లలు బడికి ఎంత దూరం నడవాలో ముందు చూడాలి.