చుట్టాల చుక్క

అనగనగా ఒక ఎర్రమట్టి అడవి. అది వాన ముఖం చూసి చాలాకాలమైంది. గడ్డి ఎండిపోయింది. పురుగులు సైతం నేల లోపలికి వెళ్లి దాక్కున్నాయి. ఆ అడవిలో ముత్యాలు అనే కౌజుపిట్ట ఉండేది.

కౌజుపిట్టలు చెట్టుమీద గూడు కట్టవు పిల్లలూ. నేలమీదే, గడ్డిదుబ్బు కింద చిన్న గుంట చేసుకుని గుడ్లు పెడతాయి. ఆ గుంట ఎవరి కంటా పడకపోవడమే వాటికి తలుపూ, గొళ్లెమూ. ముత్యాలు ఏడు గుడ్లు పెట్టింది. మగపిట్ట అంతకుముందే వేటగాడి వలలో పడిపోయింది. ఇక పొదగాల్సిందీ తనే, తిండి వెతుక్కోవాల్సిందీ తనే. గూడు విడిచి వెళ్లినప్పుడల్లా గుడ్లు ఏమైపోతాయోనని దాని ప్రాణం గిజగిజలాడేది.

ఆ కరువులో సుగంధయ్య అనే పునుగుపిల్లి అడవి మధ్యలో అంగడి తెరిచాడు. జొన్నలు, సామలు, ఎండు రేగుపళ్లు, అన్నీ ఊరికే ఇస్తాడట! తాను పళ్లు తప్ప మరేదీ ముట్టనని పిట్టల ముందు ఒట్టు కూడా పెట్టుకున్నాడు. ఊరికే ఎందుకిస్తున్నావయ్యా అని అడిగే ఓపిక ఆకలితో ఉన్నవాళ్లకి ఎక్కడుంటుంది? ఎవరూ అడగలేదు.

అంగడి గుమ్మంలో ఒక చిలుక కూర్చునేది. వచ్చినవాళ్లకల్లా అది ఊపిరి తీసుకోకుండా ఒక పాఠం అప్పజెప్పేది.

“మా అంగడికి వచ్చినవారి కాలికి మూడు పునుగు వాసన చుక్కలు పెడతాము మొదటిది గుమ్మం చుక్క మీరెవరో మాకు గుర్తుండడానికి రెండవది రుచి చుక్క మీకేది ఇష్టమో మాకు తెలియడానికి మూడవది చుట్టాల చుక్క మా చుట్టాలు మీరెక్కడున్నా మిమ్మల్ని పలకరించడానికి ఏది కావాలో ఏది వద్దో ఎంచుకోదలచినవారు వెనక ముళ్లపొద చాటుకి వెళ్లి విడిగా అడగవలెను. సరేనా?”

మొదటిరోజు ముత్యాలు ఆ పాఠంలో నాలుగు మాటలు వింది. తక్కిన మనసంతా గుడ్ల దగ్గరే ఉంది. వెనక కుందేళ్లు ఒకటే తొందర పెడుతున్నాయి.

“సరే సరే,” అంది ముత్యాలు.

చిలుక టకటకా మూడు చుక్కలు పెట్టేసింది. సరే అనాలంటే నోరు తెరిస్తే చాలు. వద్దు అనాలంటే మాత్రం ముళ్లపొద చుట్టూ తిరగాలి. అంగడిని అలా కట్టినవాడు అమాయకుడేమీ కాదు.

మర్నాడు ముత్యాలు గుమ్మంలో కాలు పెట్టగానే సుగంధయ్య దాని కాలు వాసన చూసి నవ్వాడు.

“రా ముత్యాలమ్మా! నీకు సామలంటే ఇష్టం కదూ? విడిగా తీసి పెట్టాను.”

వరుసలో నిలబడే పని లేదు, పేరు చెప్పుకునే పని లేదు. ముత్యాలు తిరిగొచ్చేసరికి గుడ్ల వెచ్చదనం ఇంకా తగ్గలేదు. ఇంత మంచివాణ్ణి అనుమానిస్తే కళ్లు పోతాయి అనుకుంది. ఆ సంబరంలో మూడోరోజు గుడ్ల కింద పరచడానికి మెత్తటి గడ్డి కూడా అడిగి తెచ్చుకుంది.

కౌజుపిట్టలకి మట్టిస్నానం అంటే ప్రాణం. పొడి మట్టిలో బోర్లా పడుకుని, రెక్కలు కొట్టుకుంటూ పొర్లాడితే ఒంటికి అంటుకున్నదంతా రాలిపోతుంది. అయితే చుక్కలు కూడా పోతాయి. చుక్క పోతే మళ్లీ కొత్తవాళ్లతో పాటు వరుసలో నిలబడాలి. ఆ భయంతో ముత్యాలు మట్టిస్నానం మానేసింది. రెక్కల కింద పేలు పడి కుట్టేస్తున్నా ఓర్చుకుంది.

ఒకరోజు దారిలో ఒక పాలపిట్ట పిలిచింది.

“అక్కా, మెత్తటి దూది కావాలా? గుడ్ల కింద పరుచుకోవచ్చు!”

ముత్యాలు ఉలిక్కిపడింది. గుడ్లు పెట్టిన సంగతి తను ఎవరికీ చెప్పలేదు. ఎవరినో చూసి ఎవరో అనుకుందిలే అని సర్దిచెప్పుకుంది.

మర్నాడు ఒక వడ్రంగిపిట్ట ఎదురొచ్చింది.

“పొదిగే తల్లులకి చెదపురుగులు మంచి బలం అమ్మా. నీ గూటి దగ్గరికే తెచ్చిపెట్టనా?”

ఈసారి ముత్యాలు సర్దిచెప్పుకోలేదు. పరుగు పరుగున ముళ్లపంది పెద్దమ్మ దగ్గరికి వెళ్లింది. పెద్దమ్మ అందరికంటే ముసలిది. అంగడికి వెళ్లేది గానీ ఒక్క చుక్కతోనే తిరిగొచ్చేది.

“పెద్దమ్మా, నా గుడ్ల సంగతి పాలపిట్టకీ, వడ్రంగిపిట్టకీ ఎవరు చెప్పారు?”

పెద్దమ్మ దాని కాలు దగ్గరికి లాక్కుని వాసన చూసింది.

“నువ్వే చెప్పావే పిచ్చిదానా. మెత్తటి గడ్డి తీసుకున్నావని నీ రుచి చుక్క చెప్పింది. నువ్వు ఏ దారిన వెళ్లి ఎక్కడ ఆగుతావో ఈ మూడోది చెప్తోంది. ఇది సుగంధయ్యది కాదు, అతని చుట్టాలది. వాళ్లు అతనికి తేనెపట్లు తెచ్చిస్తారు, అతను నీ కాలు వాళ్లకి అప్పగిస్తాడు. నువ్వు వేసిన ప్రతి అడుగులోనూ ఆ వాసన ఉంది.”

“ఈ పిట్టలు కాక ఆ చుట్టాలు ఇంకెవరు?”

“అది నేనూ ఎరగను, నువ్వూ ఎరగవు. అదే నా భయం.”

“ఇప్పుడేం చెయ్యను పెద్దమ్మా?”

“వెంటనే మట్టిలో పొర్లాడు. అన్నీ పోతాయి, పాత అడుగుల్లో వాసన కూడా ఆరిపోతుంది. గూటికి వేరే దారిన వెళ్లు. రేపు చిలుక సరేనా అన్నప్పుడు తల ఊపకు. ముళ్లపొద చాటుకి వెళ్లి గుమ్మం చుక్క ఒక్కటే చాలు, తక్కినవి వద్దు అను. అడిగితే వాళ్లు కాదనలేరు. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.”

ముత్యాలు ఆకాశం వైపు చూసింది. ఎండ నెత్తిమీదికి వస్తోంది. ఇంకా తిండి తినలేదు. ఇప్పుడు చుక్కలు చెరిపేసుకుంటే అంగడి దగ్గర ఎంతసేపు నిలబడాలో! అంతసేపూ గుడ్లకి నీడ ఎవరు పడతారు?

“ఈ ఒక్కపూటకి ఇలాగే వెళ్లొస్తాను పెద్దమ్మా. సాయంత్రం తప్పకుండా పొర్లాడతాను,” అంది.



ముత్యాలు అంగడికి వెళ్లింది. సుగంధయ్య నవ్వాడు, సామలు పెట్టాడు. గబగబా నాలుగు గింజలు తిని గూటికి వచ్చింది.

గడ్డిదుబ్బు పక్కకి ఒరిగి ఉంది. గుంటలో ఒక ఉడుము పడుకుని ఉంది. దాని గడ్డానికి పచ్చసొన అంటుకుని ఉంది. చుట్టూ పెంకులు. ముత్యాలు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు.

“నా గూడు ఎలా కనిపెట్టావు?” అని అడిగింది ముత్యాలు.

ఉడుము చీలిన నాలుక బయటికి చాపి ముత్యాలు కాలిని రుచి చూసింది.

“నేనేమీ వెతకలేదమ్మా. నా చుక్కే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నేను సుగంధయ్య చుట్టాన్ని,” అని మెల్లగా పాక్కుంటూ వెళ్లిపోయింది.

ముత్యాలు ఏడుస్తూ అంగడికి పరుగెత్తింది.

“నా పిల్లల్ని చంపించావు కదయ్యా!”

సుగంధయ్య మొహంలో రంగు కూడా మారలేదు.

“నేనేం చేశానమ్మా? చిలుక పాఠం మొత్తం చదివింది. నువ్వు సరే అన్నావు. నిన్ను బలవంతపెట్టానా?”

చుట్టూ ఉన్న కుందేళ్లు, ఉడుతలు ఒక్క క్షణం తల తిప్పి చూశాయి. మళ్లీ గింజలు తినడంలో పడ్డాయి. ఆకలి అలాంటిది.

ఆ సాయంత్రం ముత్యాలు ఎర్రమట్టిలో పొర్లాడింది. నాలుగుసార్లు రెక్కలు కొట్టుకునేసరికి మూడు చుక్కలూ రాలిపోయాయి. ఇంత తేలికగా పోతాయా అని అది అలాగే మట్టిలో కూలబడిపోయింది. ఉదయమే ఇలా నాలుగుసార్లు రెక్కలు కొట్టుకుని ఉంటే ఏడు ప్రాణాలు నిలిచేవి. ఆ మాట తలుచుకుని అది ఏడ్చిన ఏడుపు వింటే రాయి అయినా కరిగేది.

బతికున్నాక ఆకలి ఊరుకోదు కదా. ఇంకో రెండు రోజులకి ముత్యాలు మళ్లీ అంగడికి వెళ్లింది. చిలుక పాఠం చదివింది. ముత్యాలు చివరిదాకా వింది. వెనకవాళ్లు విసుక్కున్నా కదలకుండా వింది. ముళ్లపొద చాటుకి వెళ్లింది. ముళ్లు గీరుకున్నాయి. గుమ్మం చుక్క ఒక్కటే పెట్టించుకుని, కొత్తవాళ్ల వరుసలో చిట్టచివర నిలబడింది.

దాని వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. సుగంధయ్య దాని కాలు వాసన చూశాడు. మళ్లీ చూశాడు. అప్పుడే పెట్టిన కొత్త గుమ్మం చుక్క తప్ప ఏమీ తెలియలేదు, ముఖాలు అతనికెప్పుడూ గుర్తుండవు.

“ఎవరమ్మా నువ్వు? నీకేం ఇష్టం? ఇంటి దగ్గర పిల్లలెవరైనా ఉన్నారా?” అని తీయగా అడిగాడు.

“నేనొక కౌజుపిట్టని,” అంది ముత్యాలు. “నా ఇంట్లో ఎవరూ లేరు.”

నీతి: చివరిదాకా వినని మాటకి ‘సరే’ అనకూడదు, మన గుర్తుల్లో ఏది ఎవరి దగ్గర ఉండాలో మనమే ఎంచుకోవాలి, వద్దనుకున్నది ఆ పూటే చెరిపేసుకోవాలి.